కారం వేసి తోమిన గిన్నెలు

ఇది గిన్నెలు తోముకోవడం గురించి. దీన్ని కూడా రాస్తారా అని అడిగేవాళ్లు ఉంటారు. అడగనివ్వండి. నేను అయిదో తరగతి పరీక్ష రాసి బడి మానేసినదాన్ని. అత్తగారికి ఉత్తరం ముక్క తప్ప ఇంకేమీ రాసి ఎరగను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలా కాగితాలు చింపాను. చివరికి గిన్నెల దగ్గరే మొదలుపెడుతున్నాను. నాకు బాగా తెలిసినవి అవే. మాటల్లో తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి. గిన్నెల విషయంలో మాత్రం నన్ను దిద్దవద్దు.

పెళ్లయిన కొత్తలో మేము పురసవాక్కంలో ఒక ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నడుమ వాకిలి, చుట్టూ గదులు, గదికొక సంసారం. అందరికీ కలిపి ఒకటే కుళాయి. పొద్దున కాసేపు నీళ్లొస్తాయి. ఆ కాసేపట్లోనే పట్టుకోవాలి, తోముకోవాలి, ఉతుక్కోవాలి. మా ఆయన కోడంబాక్కంలో సినిమా స్టూడియోలో వడ్రంగి. గుంటూరు వైపు పల్లె నుంచి పని కోసం వచ్చారు. నేను మద్రాసులో పుట్టి పెరిగినదాన్ని. ఆయన నడిచి ఎగ్మూరు పోయి, అక్కడ రైలెక్కి పనికి వెళ్లేవారు. వచ్చేటప్పుడు గోనెసంచిలో రంపపు పొట్టు తెచ్చేవారు. సినిమాలో రాజుగారి మేడ కట్టడానికి కోసిన చెక్కల పొట్టుతో మా గదిలో అన్నం ఉడికేది. పొట్టు పొయ్యి చల్లారాక మిగిలే బూడిద పిండిలాగా మెత్తగా ఉండేది. దాన్ని పాత గుడ్డలో జల్లించి డబ్బాలో పోసి పెట్టుకునేదాన్ని.

ఆ బూడిదే నా సబ్బు. కొబ్బరి పీచు తడిపి బూడిద అద్ది రుద్దితే అన్నం గిన్నె అడుగున అంటినదంతా ఊడివచ్చేది. ఇత్తడి చెంబుకీ, రాగి బిందెకీ రసం పిండాక మిగిలిన చింతపండు పిప్పి, చిటికెడు ఉప్పు. నూనె మూకుడుకి ముందు బియ్యం కడిగిన నీళ్లు కాచి పోసి నాననివ్వాలి, తర్వాతే బూడిద. తొందరపడి ముందే బూడిద వేస్తే జిడ్డూ బూడిదా కలిసి ముద్దయిపోతుంది. బట్టలకి కుంకుడుకాయలు. గింజ తీసి, దంచి, వేడినీళ్లలో నానబెట్టి పిసికితే చాలు. నేల కడగడానికి వేపాకు మరిగించిన నీళ్లు. ఇవన్నీ మా అమ్మ చేసింది, వాళ్లమ్మ చేసింది, ఇందులో నా తెలివేమీ లేదు. సబ్బుకి పోవలసిన డబ్బు నా కూతురికి పాలైంది, అంతే. నా దగ్గర పాలు చాలక చంటిదానికి ఆవుపాలు కొనవలసి వచ్చింది. సబ్బా, పాలా అంటే ఏ తల్లయినా ఏం చెబుతుంది.

ఇల్లుగలావిడని మేమందరం అక్కా అనేవాళ్లం. వాళ్లు తాతల నాటి నుంచి మద్రాసులో ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో మాట తెలుగే, కానీ సగం అరవం కలిసిపోయి ఉంటుంది. నా మాటా అంతే. మేమిద్దరం మాట్లాడుకుంటే మా ఆయనకి నవ్వొచ్చేది. ఆవిడ చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పాలి. నా పురుడప్పుడు ఇంట్లో పనికి మనిషిని పంపింది. కానీ ఆవిడ తమ్ముడు వీధి చివర కొట్టు పెట్టాడు. బట్టల సబ్బులు, ఫినాయిలు, గిన్నెలు తోమే సోడా పొడి, అన్నీ పొట్లాలు కట్టి అమ్మేవాడు. అదే సమయంలో ఆవిడ కుళాయి దగ్గర గుంటలు పడిన నేలని తవ్వించి నున్నగా సిమెంటు చేయించింది. సిమెంటు ఆరిందో లేదో అందరినీ వాకిట్లోకి పిలిచి చెప్పింది. ఇకమీదట కుళాయి దగ్గర బూడిద, ఇటుకపొడి, చింతపండు కనిపించకూడదు. కాలవ పూడిపోతోంది. తోమేవాళ్లు పొడి కొనుక్కుని తోమాలి. పొడి ఎక్కడ దొరుకుతుందో ఆవిడ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కదా.

నేను ముందే మొండికేశానని అనుకోవద్దు. ఆవిడ తలా ఒక పొట్లం ఇప్పించింది, ఊరికే. నేను వాడి చూశాను. పాలు కాచే సత్తు గిన్నె నల్లగా అయింది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, ఊరగాయ జాడీలో చెయ్యి పెడితే ప్రాణం పోయేది. చంటిదాని గుడ్డలు దాంతో ఉతికితే దాని తొడలు ఎర్రగా కందిపోయాయి. పొట్లం సగంలో ఆపేసి మళ్లీ నా డబ్బా బయటికి తీశాను. కాలవ పూడిపోతోందన్న మాటలో నిజం ఉంది, కాదనను. అందుకని తోమడం అయ్యాక అడుగున చేరిన బూడిదంతా కొబ్బరిచిప్పతో ఎత్తి, పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోసేదాన్ని. ఆ చెట్టు ఆ సంవత్సరం ఏపుగా వచ్చింది. ఇంట్లో అందరూ కోసుకున్నారు, ఆవిడతో సహా.

ఆవిడ రెండుసార్లు చూసి ఊరుకుంది. మూడోసారి ఊరుకోలేదు.

"ఏమ్మే, నీకు చెప్తే తెలీదా? ఈడ సాంబలు వద్దన్నాను గదా. నెల కడాకి నీ డబ్బా అయినా పోవాల, లేకుంటే మీరైనా కాలీ చెయ్యాల."

సాంబలు అంటే బూడిద. నెల కడాకి కాలీ చెయ్యడం అంటే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యడం. ఆ రెండో మాటకే నేను భయపడ్డాను. చంటిపిల్ల ఉన్నవాళ్లకి ఆ రోజుల్లో గది ఇచ్చేవాళ్లు తక్కువ. పిల్ల ఏడుస్తుంది, నీళ్లు ఎక్కువ వాడతారు అని మొహం మీదే చెప్పేవాళ్లు. ఈ గది కోసం మేము ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగామో నాకు తెలుసు. సాయంత్రం మా ఆయనకి చెబితే, గొడవెందుకు, పొడే కొనేద్దాం అన్నారు. పాలు తగ్గించాలా అని అడిగాను. ఆయన పొడి కొనలేదు. నేనూ డబ్బా తీసెయ్యలేదు.

అప్పుడు మా అత్తగారు వచ్చారు, మనవరాలిని చూడ్డానికి. పల్లె దాటి రావడం ఆమెకి అదే మొదలు. రైలు దిగేటప్పటికి ఆమె చేతిలో మూట, నెత్తిన సంచి. సంచిలో కుంకుడుకాయలు, కొత్త చింతపండు, ఇంకా ఒక జాడీ నిండా కారం. వాళ్ల మిరపకాయలే, ఆమె స్వయంగా ఎండబెట్టి కొట్టించి తెచ్చింది. సంవత్సరం పొడుగునా వాడుకోవాలని చెప్పింది. ఆమెకి అరవం ముక్క రాదు. మద్రాసులో తెలుగువాళ్ల ఇంట్లోనే ఉన్నాం అని తెలిసి చాలా ధైర్యపడింది. ఆ ధైర్యమే కొంప ముంచింది.

ఒక ఉదయం పిల్లని ఎత్తుకుని నేను కిరసనాయిలు కోసం వెళ్లాను. అత్తగారు గిన్నెలు వేసుకుని కుళాయి దగ్గర కూర్చుంది. చేతిలో బూడిద చిప్ప. ఇల్లుగలావిడ వచ్చి చూసింది. కోపంగా కూడా అనలేదట, పెద్దావిడ కదా అని నెమ్మదిగానే చెప్పిందట.

"అమ్మా, ఈడ సాంబలు ఏసి తోమకూడదు. కారం ఏసి తోమాల. మీ కోడలికి చెప్పినాను, వినేదిలేదు. వినకుంటే ఇల్లు కాలీ చేసి పోవాల్సిందే."

మాకు, అంటే మద్రాసువాళ్లకి, అందులో అర్థం కానిదేమీ లేదు. అరవంలో సోడాని కారం అంటారు. బట్టలకి వేసేది చాకలి కారం, అప్పడాల పిండిలో వేసేది అప్పళ కారం. మేము తెలుగులో మాట్లాడేటప్పుడు కూడా ఆ మాట అలాగే వాడేస్తాం. కానీ గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషికి కారం అంటే ఒకటే. ఆవిడ మాట్లాడింది తెలుగే కదా. ఇల్లు ఖాళీ చెయ్యాలన్న ముక్క కూడా ఆమెకి బాగా అర్థమైంది. కొడుకు, కోడలు, చంటిది రోడ్డున పడతారు. పట్నంలో ఏ ఆచారమో మనకెందుకు, ఇల్లుగలవాళ్లు చెప్పినట్టు చేస్తే పోయింది అనుకుంది. లోపలికి వెళ్లి జాడీ తెచ్చుకుంది. గుప్పెళ్లతో తీసి ప్రతి గిన్నెకీ పట్టించి తోమింది.

నేను సందు మలుపు తిరిగేసరికే దగ్గులు వినిపించాయి. వాకిట్లో అందరూ కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. కొత్త సిమెంటు నేల ఎర్రగా పారుతోంది. మా అత్తగారు మోచేతుల దాకా ఎర్రబడి, చెమట తుడుచుకోబోయి కళ్లలో కూడా రాసుకుని, నీళ్లు కారుతున్న కళ్లతో ఇంకా తోముతూనే ఉంది. జాడీ సగానికి వచ్చింది. నన్ను చూసి తల ఎత్తింది.

"వచ్చావా అమ్మాయ్. ఈ ఊళ్లో ఆడవాళ్ల చేతులు ఏం చేతులే. రోజూ దీంతోనే తోముతారా?"

ఎవరో పకపకా నవ్వారు. ఇక అందరూ అందుకున్నారు. నేను ఆమెని లోపలికి తీసుకుపోయి చేతులకి మజ్జిగ పోసి, నెయ్యి రాసి, కళ్లకి చల్లనీళ్లు కొట్టాను. విషయం చెప్పాను. ఆమె చేతుల కేసి చూసుకుంటూ కూర్చుంది. బయట నవ్వులు ఆగలేదు. ఇల్లుగలావిడ గొంతు గోడ దాటి వచ్చింది, వాళ్ల అత్త గిన్నెలికి తాలింపు పెట్టింది అని. మధ్యాహ్నానికల్లా పిల్లలు మా అత్తగారికి కారమవ్వ అని పేరు పెట్టేశారు. గడప దాటితే చాలు, కారమవ్వా కారమవ్వా అని వెనక పడేవాళ్లు.

ఆమె మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లలేదు. మర్నాటికి మూట కట్టుకుంది. తనని రైలెక్కించమని కొడుకుని అడిగింది. నా వల్ల మీకు నామర్దా, నేను ఉన్నన్నాళ్లు వాళ్లు నవ్వుతూనే ఉంటారు అంది. ఆమె పోతానన్నా పోనివ్వను అన్నాను నేను. ఆమె తప్పేమిటి? ఆవిడ కారం అంది, ఈమె కారం వేసింది. కొడుకు గది నిలబెట్టడానికి సంవత్సరం తిండిలో రుచంతా నేల మీద పోసిన మనిషిని చూసి నవ్వుతారా. ఆ రోజంతా నాకు కడుపు మండుతూనే ఉంది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

శుక్రవారం పొద్దున నీళ్లొచ్చే వేళకి నేను బూడిద డబ్బా చంకన పెట్టుకుని, చింతపండు పిప్పి గిన్నెలో వేసుకుని కుళాయి దగ్గరికి వెళ్లాను. చాటుగా కాదు. అందరూ బిందెలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. నా వంతు వచ్చాక కూర్చుని తోమడం మొదలుపెట్టాను. ఎవరో వెళ్లి చెప్పారు. ఇల్లుగలావిడ అప్పుడే తలంటుకుని, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. ఆవిడ చేతిలో కామాక్షి దీపం, రెండు కుందులు, అప్పుడే తోమినవి, తళతళలాడుతున్నాయి. శుక్రవారం పూజకి ఆవిడ వాటిని పెరట్లో వెనకవైపు కూర్చుని తనే తోముకుంటుంది. దేంతో తోముతుందో నాకు తెలుసు. కరివేపాకు చెట్టు దగ్గరికి బూడిద తీసుకుపోయేటప్పుడు చూశాను.

"ఏమ్మే, మీ అత్త ఆడిన కూత్తు చాలదా? మళ్లీ ఎత్తుకొచ్చినావు" అంది. కూత్తు అంటే వీధినాటకం.

నేను చెయ్యి ఆపలేదు.

"అక్కా, ఆ దీపం ఏమేసి తోమినారు?"

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. నేనే చెప్పాను.

"చింతపండేసి తోమినారు. సబ్బులో కొవ్వుంటాది, సామి దీపానికి తగలకూడదని మీ తమ్ముడి కొట్టుది ఏదీ వాటికి తాకనీరు. సామి దీపానికి కాని పొడి నా బిడ్డ పాలగిన్నెకి ఎట్లా అయితాది?"

నీళ్లు బిందెలోంచి పొర్లిపోతున్నాయి. ఎవరూ కుళాయి కట్టెయ్యలేదు. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు. ఆవిడ కూడా తక్కువ తిన్న మనిషి కాదు.

"అది సామికి. నువ్వేమైనా సామివా?"

"మేము తినేది ఈ గిన్నెల్లోనే అక్కా. మా కడుపు మాకు సామి. ఇంకొక మాట. మా అత్తని చూసి ఎవురైనా నవ్వాలంటే నా ముందర నవ్వండి. ఆమె మీ మాట విన్నందుకే చేతులు కాల్చుకునింది. మీ మాట విన్నవాళ్లకి అంతే దక్కుతాదని నాకు ముందే తెలుసు. అందుకే నేను వినలేదు."

ఆవిడ దీపాలు రెండు చేతులతో గుండెకి హత్తుకుని నిలబడింది. తర్వాత ఒకటే మాట అంది. నెల కడాకి కాలీ. తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

గెలిచానని చెప్పడం లేదు. గది పోయింది. పోకుండా చూసుకోవలసినది అదొక్కటే, అదే పోయింది. ఆ రోజు సాయంత్రం మా ఆయన వచ్చాక జరిగినదంతా చెప్పాను. తిడతారని గోడ కేసి తిరిగి చెప్పాను. ఆయన అంతా విని, మా అమ్మని కారమవ్వ అంటున్నారా అని అడిగారు. ఆ సంగతి అప్పటిదాకా ఆయనకి తెలియదు. అవునన్నాను. ఆయన ఆదివారం పొద్దున్నే చొక్కా వేసుకుని కోడంబాక్కం వెళ్లి, చీకటి పడకముందే వచ్చారు. స్టూడియో పక్కన పనివాళ్లుండే వరసలో రేకుల గది ఒకటి ఖాళీ ఉందట. ముందు మట్టి నేల. కుళాయి లేదు, చేదబావి ఉంది. వాన పడితే కారుతుందట. బావి దగ్గర ఎవరు దేంతో తోముకున్నా అడిగే దిక్కు లేదట. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో కొంచెం నవ్వు కనిపించింది. మా అత్తగారు అప్పుడు మూట విప్పింది. సామాను సర్దాలి కదా, తర్వాత పోతాలే అంది.

వెళ్లే రోజు పొద్దున తోపుడు బండి వచ్చి సందు మొదట్లో ఆగింది. సామానంతా ఎక్కించాం. అన్నం వార్చిన గుండిగ ఒక్కటి తోమకుండా మిగిలింది. నేను తీసుకుందామని వంగేలోపు మా అత్తగారు దాన్ని చంకనేసుకుంది. బూడిద డబ్బా చేత్తో పట్టుకుంది. తాలింపు మాట పడ్డాక ఆమె ఆ కుళాయి దగ్గరికి వెళ్లడం అదే మొదలు. వాకిట్లో ఆడవాళ్లు జరిగి దారి ఇచ్చారు. పిల్లలు కూడా ఏ పేరూ పెట్టి పిలవలేదు. ఇల్లుగలావిడ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. చూసింది, మళ్లీ చేటలోకి తల వంచుకుంది. వద్దనలేదు.

అత్తగారు తొందరపడలేదు. లోపలా బయటా, అడుగునా, అంచుల కిందా, మెల్లగా తోమింది. చేతుల మీద చర్మం ఇంకా పొట్టులా రాలుతూనే ఉంది. కడిగి బోర్లించింది. సిమెంటు మీద ఒక్క రవ్వ మిగలకుండా బూడిదంతా చిప్పలోకి ఎత్తి, కుంకుడు నీళ్లు పోసి ఆ నేల కూడా కడిగింది. చిప్ప తీసుకుపోయి కరివేపాకు చెట్టు మొదట్లో పోసి వచ్చింది. అప్పుడు ఇల్లుగలావిడ చేటలోంచి తల ఎత్తకుండానే అంది.

"ఇంక ఆ చెట్టుకి సాంబలు ఎవురేస్తారో."

ఆవిడ అది నిష్ఠూరంగా అందో, బాధగా అందో నాకు ఇప్పటికీ తెలియదు. మా అత్తగారు గుండిగ ఎత్తి చంకన పెట్టుకుంది. నీళ్లు ఆమె చీర మీద కారుతున్నాయి.

"కారం వెయ్యండమ్మా" అంది. "మీ ఊళ్లో దొరికే కారమే."

నవ్వింది మొదట ఇల్లుగలావిడే. ఆపుకోలేకపోయింది. చేటలో బియ్యం కొంచెం ఒలికింది. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. గుండిగతో తిన్నగా సందు దాటి బండి దగ్గరికి నడిచింది. నేను పిల్లని ఎత్తుకుని వెనకే వెళ్లాను. బండివాడు గుండిగని ఎక్కడ పెట్టాలో తెలియక వెతుకుతుంటే, అన్నిటికంటే పైన పెట్టమంది. ఎండ దాని మీద పడి, వెనక నుంచి బండి తోసేవాడికి కళ్లు చెదురుతున్నాయట. కొంగు కప్పమని అడిగాడు. మేము కప్పలేదు.